‘వద్దు’ అన్న మాట వినపడని ప్రేమ

మన దేశంలో ప్రేమ చిత్రాలకు ఎన్నడూ కొదవ లేదు. అయితే తెరమీది ప్రేమికుడి స్వభావం కాలక్రమంలో మారింది. 1953 నాటి ‘దేవదాసు’ తాగి తాగి తననే నాశనం చేసుకున్నాడు. 1993లో వచ్చిన హిందీ చిత్రం ‘డర్’లో స్త్రీని వెంటాడి భయపెట్టిన వాడే ప్రేక్షకుల సానుభూతి దోచుకున్నాడు. 2017 నాటి ‘అర్జున్ రెడ్డి’లో కథానాయకుడు ఆ అమ్మాయిని ఒక్క మాటైనా అడగకుండానే, ఆమె తనదని తోటి విద్యార్థులను హెచ్చరిస్తాడు. అదే కథ 2019లో ‘కబీర్ సింగ్’ పేరుతో హిందీలోకి వెళ్ళి ఘనవిజయం సాధించింది.

ఈ ప్రేమకు పాటలు అందించిన పదాలు ఉర్దూ తెలిసిన మన ఇళ్ళకు కొత్తవి కావు. ఇష్క్, జునూన్, ఫనా, సజ్దా, ఇబాదత్. ‘ఫనా’ అంటే దాసుడి అహం అల్లాహ్ సన్నిధిలో కరిగిపోవడమని సూఫీలు చెప్పారు. 2006లో అదే పదం ఒక హిందీ ప్రేమ చిత్రానికి పేరయింది. సజ్దా, ఇబాదత్ అల్లాహ్‌కే చెందినవి. పాటల్లో అవి ప్రియురాలికి దక్కుతున్నాయి. వింత ఏమిటంటే, పాటలో తాను ఆరాధకుడినని చెప్పుకునే ఆ యువకుడే కథలో యజమానిలా ప్రవర్తిస్తాడు. అహాన్ని చంపుకోమన్న పదం అహాన్ని పెంచే పదమైపోయింది.

మన పూర్వులకు ఈ మోహం తెలియనిది కాదు. ‘మజ్నూన్’ అంటే పిచ్చిపట్టినవాడు. లైలా కోసం తపించిన అతని అసలు పేరు ఖైస్. సుప్రసిద్ధ హకీం ఇబ్నె సీనా తన వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’లో ఇష్క్‌ను వ్యాధుల్లో ఒకటిగా చేర్చి, దానికి చికిత్స కూడా రాశారు.

అలాగని ఇస్లాం ప్రేమను నేరంగా చూడలేదు. భార్యాభర్తల మధ్య ప్రేమను, దయను తానే సృష్టించానని అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో (30:21) సెలవిచ్చాడు. సహీహ్ బుఖారీలోని ఒక ఉదంతం చూడండి. బానిసత్వం నుంచి విముక్తి పొందిన బరీరా (ర) తన భర్త ముగీస్ (ర) నుంచి విడిపోయారు. ఆయన కన్నీళ్ళతో గడ్డం తడిసిపోగా మదీనా వీధుల్లో ఆమె వెంట తిరిగేవారు. దైవప్రవక్త (స) ఆయన మీద జాలిపడి, తిరిగి స్వీకరిస్తే బాగుంటుందని ఆమెతో అన్నారు. ఇది మీ ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమేనని ఆయన చెప్పారు. అయితే తనకు అతని అవసరం లేదన్నారు బరీరా. అంతటితో ఆ విషయం ముగిసింది. ముగీస్ ప్రేమ నిజమైనదే. అయినా ఆ కన్నీళ్ళు ఆమె మీద ఏ హక్కునూ కల్పించలేదు.

ఆ హక్కు ఉందనుకున్నవారు ఏం చేశారో మనం చూశాం. 2004లో విజయవాడలో ఒక విద్యార్థిని తరగతి గదిలోనే హత్యకు గురైంది. 2008లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఈ ఘాతుకాలకు సినిమాలే కారణమని తీర్పు చెప్పడం సులువు గాని, సమంజసం కాదు. అయితే వెంటపడితే ఎప్పటికైనా ఒప్పుకుంటుందని ఏళ్ళ తరబడి నేర్పుతున్న కథలను అమాయకమైనవని అనలేం. అమ్మాయి స్పష్టంగా కాదన్నా వెంటపడడం 2013 నుంచి మన చట్టంలో ప్రత్యేక నేరం. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం మొదటిసారికే మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు.

టీవీ కట్టేసినంత మాత్రాన సరిపోదు. పాట ఇప్పుడు పిల్లల చేతిలోని ఫోన్‌లో ఉంది. వారితో కూర్చుని ఆ కథ గురించి మాట్లాడాలి. ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా అని కొడుకును ప్రశ్నించాలి. అదే ప్రశ్న మనకూ వర్తిస్తుంది. ఖన్సా బిన్తె ఖిదామ్ (ర) ఇష్టానికి విరుద్ధంగా తండ్రి చేసిన నికాహ్‌ను దైవప్రవక్త (స) రద్దు చేశారు. సంబంధం కుదిర్చేటప్పుడు కూతురి ‘వద్దు’ వినని తండ్రి, వీధిలో పరాయి పిల్ల చెప్పే ‘వద్దు’ వినమని కొడుక్కి ఏ నోటితో చెప్పగలడు?