ఆకుకూరలు - పక్షవాతము

గత మాసమున మన సభ్యులలో నొకరికి దుకాణమున కూర్చుండియుండగనే కుడిచేయి పట్టుతప్పెను, మాట తడబడెను. ఇంటివారు వాతమనుకొని నూనె మర్దించి తెల్లవారువరకు వేచిరి. నేడు వారు ప్రాణముతో నున్నారు. కాని చిట్టా వ్రాసిన చేయి కలము పట్టజాలకున్నది.

పక్షవాతమునకు ముఖ్యకారణము రక్తపుపోటు. మెదడునకు పోవు రక్తనాళము మూసికొనినను, చిట్లినను ఈ వ్యాధి కలుగును. ఇదిగాక రక్తమున హోమోసిస్టీన్ అను పదార్థము మితిమీరినచో నాళముల గోడలకు హాని యని వైద్యులు చెప్పుదురు. దానిని అదుపున నుంచునవి ఫోలిక్ ఆమ్లము, బి-12, బి-6 విటమినులు. చైనాలో రక్తపుపోటుగల 20,702 మందిపై జరిపిన పరిశోధన 2015లో ప్రకటితమయ్యెను. పోటు మందుతో ఫోలిక్ ఆమ్లమునుగూడ పుచ్చుకొన్నవారికి, ఆ మందు మాత్రమే పుచ్చుకొన్నవారికంటె, పక్షవాతము సుమారు ఐదవవంతు తక్కువగా వచ్చెను. పిండిలో ఫోలిక్ ఆమ్లమును కలిపి యమ్ము దేశములందు ఇంత మేలు కనబడలేదు. కావున లోపమున్నచోటనే లాభమని గ్రహింపవలెను.

1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు ఈ ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన పరిశోధకులకు నాయకుడు భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. తమ సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఉపకరించు మందునే వారు లోకమున కొసంగిరి. అట్టివారి జాతి యగు మనము ఆకుకూరను బీదల తిండియని చులకన చేయుట తగునా?

తోటకూర, పాలకూర, బచ్చలి, పెసలు, శనగలయందు ఈ విటమిను సమృద్ధిగా గలదు. అది నీటిలో కరగును గాన ఉడికించిన నీటిని పారబోయరాదు. మన కన్నడ సోదరుల బస్సారు చూడుడు: ఆకుకూర, పప్పు ఉడికిన నీరే సారగును; ఆకు పల్యమగును. బి-12 మాత్రము ఆకులలో లేదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలయందు గలదు. బి-12 లోపమున్నవారు ఫోలిక్ ఆమ్లమునే మ్రింగినచో ఆ లోపము మరుగుపడి నరములు చెడవచ్చును. కనుక మాత్రలు వైద్యుని యడిగియే వాడవలెను. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడువారు ఆకుకూరలను హఠాత్తుగా పెంచరాదు. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు. ఊరగాయలు, అప్పడములు అమ్ముకొని బ్రతుకు మేమే ఈ మాట చెప్పుచున్నాము!

మూతి వంకరపోయినను, చేయి వాలినను, మాట తడబడినను క్షణమైన జాగుచేయరాదు. గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఈయవలెను. హోసూరు రోడ్డుననున్న నిమ్హాన్స్ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు దూరము కాదు.

రాబోవు సంఘభోజనమున అప్పడములు తగ్గించి తోటకూర పప్పు వడ్డింప నిశ్చయించితిమి. పంక్తికి ముందు ప్రతివారికిని రక్తపుపోటు పరీక్ష జరుగును. పెద్దలు మొదట దానికి చేయి చాచి, పిమ్మట విస్తరిముందు కూర్చుండవలెనని మా మనవి.