ఒక బండికి ఒకే తాళంచెవి

నిత్యం చేతిలో మెలిగే వస్తువులను గురించి మనం అతి తక్కువగా ఆలోచిస్తాము. తాళంచెవి అటువంటి వస్తువు. మహేశ్వరం మండలంలోని మంఖాల్, దాని చుట్టుపట్ల గ్రామాలు 2008 మార్చిలో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయానికి చేరువలో ఉన్నవి. ఇక్కడ అద్దె కారు, వ్యాను, సరకుల ఆటో అనేక కుటుంబాలకు అన్నం పెడుతున్నవి. కొత్త బండి కొనగలవారు కొందరే. తక్కినవారికి ఒకరు వాడిన బండియే గతి.

అటువంటి బండికి ఎప్పుడో ఒక తలుపు తాళం చెడి, దాని స్థానంలో వేరొకటి అమర్చబడి ఉంటుంది. ఫలితంగా ఇంజను నడుపుటకు ఒక చెవి, ముందు తలుపుకు ఒకటి, వెనుక తలుపుకు మరొకటి. మొత్తం తాళాల జతను కొత్తగా కొనడమే దీనికి మార్గమని చాలామంది భావిస్తారు. పాత తాళాలు చెడిపోనప్పుడు ఆ ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

తాళం నిర్మాణం తెలిస్తే ఈ మాట సులభంగా బోధపడుతుంది. తలుపు తాళంలో తిరిగే లోహపు దిమ్మ ఉంటుంది. అందులో సన్నని స్ప్రింగుల ఆధారంతో పలుచని పలకలు వరుసగా నిలిచి ఉంటవి. సరియైన చెవిని దూర్చినప్పుడు దాని గాట్లకు అనుగుణంగా పలకలన్నీ దిమ్మలోనికి ఒదుగుతవి, దిమ్మ తిరుగుతుంది. ఒక్క పలక పైకి పొడుచుకొని ఉన్నా తిరగదు. కనుక మార్చవలసినది తాళాన్ని కాదు, పలకల వరుసను. హైదరాబాదులో మనం చాబీవాలా అని పిలిచే పనివాడు తలుపు లోపలి అట్ట విప్పి, తాళాన్ని బయటికి తీసి, కోరిన చెవికి తగిన పలకలను పేర్చి, మరల బిగిస్తాడు.

అయితే ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పలకలు దొరకలేదని ఉన్నవాటిని ఆకురాయితో అరగదీయనీయరాదు. అట్లా చేసిన తాళం తన చెవికే కాక పరాయి చెవులకు సైతం లొంగవచ్చు. రెండవది, పాత యజమాని దగ్గర మరొక చెవి ఉండిపోయి ఉండవచ్చు. తలుపులను ఇంజను చెవితో కలిపినంత మాత్రాన సౌకర్యమే గాని భద్రత పెరగదు; భద్రత కోరేవారు ఇంజను తాళంతో సహా అన్నిటినీ కొత్త చెవికి మార్పించాలి. మూడవది, నేటి కార్లలో అనేకం చెవి తలలోని చిప్పును గుర్తిస్తేనే నడుస్తవి. పలకలు మార్చినా ఆ గుర్తింపు మారదు. పాత చెవి గుర్తును బండి కంప్యూటరు నుండి తొలగింపజేయడం వేరే పని.

రెండు చెవులు ఉండుటయే మేలనే వాదం లేకపోలేదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లకు చాలాకాలం ఇంజనుకు ఒక చెవి, తలుపులకూ వెనుక పెట్టెకూ మరొక చెవి ఉండేవి. బండిని నిలిపే పనివానికి మొదటిది ఇచ్చి, సామాను పెట్టె చెవిని యజమాని తన వద్దనే ఉంచుకొనవచ్చును. అది ఆలోచించి చేసిన ఏర్పాటు. మన బండ్లలోని మూడు చెవులు ఏర్పాటు కావు, కేవలం అతుకులు. వర్షంలో, చీకటిలో, ప్రయాణికుడు తొందరపెడుతుండగా ఏ చెవి దేనిదో వెదకుకొనే డ్రైవరుకు వాటివల్ల లాభమేమి?

ఈ సౌకర్యానికి ఒక హద్దు కూడ ఉండాలి. పది వ్యానులున్న యజమాని సులువు కొరకు పదింటికీ ఒకే చెవి చేయించుకొనడం అవివేకం. ఒక చెవి పోయిననాడు పది బండ్లూ దిక్కులేనివవుతవి. ఒక బండి తలుపులన్నిటికీ ఒకే చెవి ఉండాలి. పలు బండ్లకు ఉండరాదు.

ఈ విద్య చేతిలో ఉన్నవాడు ఇతరుల తలుపులు తెరువగలవాడు. అందుచేత పని పట్టుకొనక ముందు బండి రిజిస్ట్రేషన్ పత్రాన్ని అడగడం అతని ధర్మం. అడిగినందుకు కోపగించుకొనక చూపడం మన ధర్మం. బాటప్రక్కన చిన్న పెట్టెతో కూర్చునే ఈ పనివానిని మనం బేరమాడి చిన్నబుచ్చుతున్నాము. పారవేయవలసిన వస్తువును పనికివచ్చేట్లు చేసేవానికి సముచితమైన కూలి, పారిశ్రామిక శిక్షణ సంస్థలలో అతని విద్యకు కొంత చోటు లభించాలి. చదువుకొన్న యువకులు ఈ పనిని తక్కువగా చూడక నేర్చుకొన్ననాడు వారికి బ్రతుకుతెరువు, ఊరికి భద్రత రెండూ సమకూరుతవి.