తెర మీద లేని అధ్యాయం

టోల్కీన్ రాసిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ 1954-55లో మూడు సంపుటాలుగా వెలువడింది. పీటర్ జాక్సన్ దాన్ని న్యూజీలాండ్‌లో మూడు సినిమాలుగా తీసి 2001 నుంచి ఏటా ఒకటి విడుదల చేశాడు. చివరిదానికి 11 ఆస్కార్లు దక్కాయి. పుస్తకాలకు బొమ్మలు వేసిన అలన్ లీ, జాన్ హౌలనే రూపకల్పనకు పిలిపించుకోవడంతో కథలోని రివెండెల్ లోయ పాఠకులు ఎరిగిన చోటులాగే కనిపించింది.

అయినా అభిమానులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు: యుద్ధం గెలిచి వచ్చిన కథానాయకులైన హాబిట్లు తమ సొంత సీమ షైర్‌ను దుండగుల నుంచి విడిపించుకునే అధ్యాయం సినిమాలో ఏమైంది? అది మొదటినుంచీ అనుకున్న భాగమేనని టోల్కీనే ముందుమాటలో చెప్పాడు. లోకాన్ని కాపాడినవాళ్లు సొంత ఊరినీ చక్కదిద్దుకోవాలన్న మాట ఆ అధ్యాయంలోనే ఉంది. సినిమాను ప్రేమిస్తూనే మూలం కోసం పట్టుబట్టే ఆ అభిమానులకే ఈ సంచిక అంకితం. సినిమాలు మాత్రమే చూసినవారు పుస్తకం కూడా చదవాలని మా కోరిక.

– సంపాదకుడు