మెషిన్ తర్వాత కొందాం, ముందు మన కాఫీ మనం తాగి చూద్దాం



రెండు వారాలుగా మన గ్రూపులో ఒకటే చర్చ. ఎవరో కాఫీ ఎగ్జిబిషన్ వీడియో పెట్టారు. మెరిసిపోతున్న ఎస్‌ప్రెస్సో మెషిన్లు, తూకం తామే వేసుకుని పొడి కొట్టే గ్రైండర్లు, మనిషి చెయ్యి పెట్టకుండానే పాలకు నురగ కట్టించే గొట్టాలు. అది చూసిన దగ్గర్నుంచీ అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో చదువుకుంటున్న మనవాళ్లు కొందరు, తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండ్ మెషిన్ కొందాం, అమలాపురంలో అరకు కాఫీ స్టాల్ పెడదాం అంటున్నారు. చెడ్డ ఆలోచనేం కాదు. వీడియో చూసి మాకూ నోరూరింది. కానీ ఉన్న కాస్త డబ్బూ ముందు దానికి పెట్టొద్దనే మా మాట. ఎందుకో చెప్తాం, ఓపిగ్గా చదవండి.

ఎస్‌ప్రెస్సో మెషిన్‌కీ ఎగ్జిబిషన్లకీ సంబంధం ఇప్పటిది కాదు. 1884లో ఇటలీలోని టురిన్ ప్రదర్శనలో మొరియోండో అనే ఆయన ఆవిరితో కాఫీ దించే యంత్రం చూపించాడు. 1906లో మిలాన్ ప్రదర్శనలో జనం ఎస్‌ప్రెస్సో తాగారు. ఇప్పటికీ రెండేళ్లకోసారి కొత్త మెషిన్లు చూడ్డానికి వ్యాపారులు మిలాన్ వెళ్తారు. మన దగ్గరికొస్తే 2023 సెప్టెంబర్ 25 నుంచి 28 దాకా బెంగళూరులో ప్రపంచ కాఫీ సదస్సు జరిగింది. ఆసియాలో అది జరగడం అదే మొదటిసారి.

ఆ మెషిన్ చేసే పని చెప్పుకుంటే చిన్నదే. 18 గ్రాముల మెత్తటి పొడిని గట్టిగా అదిమి, 90 డిగ్రీలు దాటిన నీటిని 9 బార్ల ఒత్తిడితో అందులోంచి పంపిస్తుంది. 25, 30 సెకన్లలో చిక్కటి కాఫీ దిగుతుంది. కొత్తగా వచ్చే హంగులన్నీ ఆ పనిని ప్రతిసారీ ఒకేలా చెయ్యడానికే. గింజలో ఉన్న తప్పును మాత్రం ఏ మెషినూ సరిచెయ్యలేదు. పైగా అంత చిక్కగా దించేసరికి తప్పు ఇంకా పెద్దగా తెలుస్తుంది. నేల మీద ఆరబోసిన గింజకు మట్టి వాసన, పులియబెట్టడం ఎక్కువైతే పుల్లకంపు, పచ్చికాయ కలిస్తే వగరు. లక్షలు పోసి కొన్న మెషిన్ ఆ కంపును అందంగా కప్పులో పోసి ఇస్తుంది.

ఇక లెక్క చూద్దాం. కిలో పార్చ్‌మెంట్ పొట్టు తీస్తే సుమారు 800 గ్రాముల గింజ వస్తుంది. వేయిస్తే బరువు తగ్గి 670 గ్రాముల దాకా మిగులుతుంది. 18 గ్రాముల చొప్పున 37 కప్పులు. సిటీలో కప్పు 150 రూపాయలు అనుకుంటే 5,550. దాని పక్కన పోయినేడు మీ ఇంట్లో కిలో పార్చ్‌మెంట్ ఎంతకిచ్చారో రాసి చూడండి. అద్దె, పాలు, కరెంటు, జీతాలు ఆ 5,550లోనే పోతాయి, కాదనం. కేఫ్ వాడంతా దోచుకుంటున్నాడని మేం అనట్లేదు. మేం అడిగేది వేరు. మీ నాన్న అమ్మిన గింజ మంచిదో, మధ్యరకమో, ఆయనకు ఎవరన్నా చెప్పారా? ఆయన ఎప్పుడైనా తాగి చూశాడా?

మా ఇళ్లలో అయితే లేదు. చుట్టూ కాఫీ తోట, మధ్యలో మిరియాల పాదులు, ఇంట్లో మాత్రం సంతలో కొన్న రెండు రూపాయల ప్యాకెట్ పొడి. లేదంటే టీ. పొద్దున చోడి అంబలి ఉండనే ఉంది.

ఇది మాకు తట్టింది కోనసీమలోనే. అంబాజీపేట దగ్గర క్లాస్‌మేట్ ఇంటికి భోజనానికి వెళ్తే వాళ్ల నాన్నగారు కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టి ఆడించారు, గోటితో కొట్టి చప్పుడు విన్నారు, ఇది నీళ్లకి, ఇది కొబ్బరికి, ఇది కురిడీకి అని వేరు చేసేశారు. బేరగాడు వచ్చి తక్కువ చెప్తే ఆయన ఊరుకోరు, తన సరుకు తనకు తెలుసు కాబట్టి. ఆయనే మమ్మల్ని అడిగారు: "మీ కాఫీ ఏ రుచి ఉంటదమ్మా?" "చేదుగా ఉంటదండి" అన్నాం. అంతకుమించి మాట రాలేదు. ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ మాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

అలాగని కాఫీ మన ప్రాంతానికి కొత్తా అంటే కాదు. 1898లో బ్రాడీ అనే బ్రిటిష్ అధికారి తూర్పు గోదావరి పాములేరు లోయలో మొక్కలు నాటించాడని రికార్డుల్లో ఉంది. నిన్నమొన్నటి దాకా ఈ కోనసీమ కూడా అదే జిల్లా. 2017లో పారిస్‌లో అరకు పేరుతో షాపు తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు జీఐ గుర్తింపు వచ్చింది. 2025లో పార్లమెంటు ఆవరణలో స్టాల్ పెట్టారు. అన్నీ గర్వపడాల్సినవే. పేరు పారిస్ దాకా వెళ్లింది, రుచి మాత్రం మన ఇంటి పొయ్యి దాకా రాలేదు.

కాఫీ నాణ్యత తేల్చేది మెషిన్ దగ్గర కాదు, కప్పింగ్ బల్ల దగ్గర. 8.25 గ్రాముల బరక పొడి, 150 మిల్లీలీటర్ల వేడి నీళ్లు, నాలుగు నిమిషాలు ఆగి పైన తేలిన పొరను చెంచాతో విరగ్గొట్టి వాసన చూడటం, కాస్త చల్లారాక చప్పుడు చేస్తూ పీల్చి రుచి చూడటం. వందకు మార్కులేస్తారు. 80 దాటితే స్పెషాలిటీ. ధరలో తేడా అక్కడ మొదలవుతుంది. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు, అలవాటు పడ్డ నాలుక కావాలి. జీలుగు కల్లు ఒక గుక్క తాగి ఏ చెట్టుదో చెప్పే తాతలు మనకున్నారు. నాలుక లేని జాతి కాదు మనది.

మెషిన్ అంటున్న తమ్ముళ్లకు ఇంకో మాట. రాజోలు వైపు బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో స్నానం చేసే మీకు తెలుసు. ఆ నీళ్లు పోస్తే బాయిలర్‌లో పొర కట్టి, తుప్పు పట్టి మెషిన్ పాడవుతుంది. శుద్ధి చేసే ఫిల్టర్ వేరే కొనాలి. రిపేరు వస్తే మనిషి ఏ విశాఖపట్నం నుంచో రావాలి. పరీక్షల టైములో స్టాల్ ఎవరు చూస్తారన్న సంగతి అడగనే అక్కర్లేదు.

అందుకే మేం అనేదేంటంటే, ఆ చందాతో ఒక మంచి హ్యాండ్ గ్రైండర్, గ్రాములో పదో వంతు చూపించే కాటా, థర్మామీటర్, ఒక కెటిల్, ఒకే సైజు గాజు గ్లాసులు డజను కొందాం. అన్నీ కలిపి ఒక మామూలు ఫోను ధర దాటదు. సంక్రాంతి సెలవులకు ఇళ్లకు వెళ్తాం కదా, సరిగ్గా కోతల కాలం. పాడేరు, చింతపల్లి, అనంతగిరి వైపు వాళ్లు మీ తోటలో ఆరిన పార్చ్‌మెంట్ అరకిలో చొప్పున తెండి. పండు మాత్రమే కోశారా, కాయ కూడా కలిసిందా, టార్పాలిన్ మీద ఆరబెట్టారా, నేల మీదా, చీటీ రాసి సంచిలో వెయ్యండి. సిగ్గుపడి అబద్ధం రాయొద్దు, అసలు ఉపయోగమంతా ఆ చీటీలోనే ఉంది. రోట్లో మెల్లగా దంచి, చాటతో చెరిగి, మూకుట్లో వేయిద్దాం. మొదటిసారి మాడిపోతుంది, పర్లేదు.

తర్వాత ఎవరి సంచి ఏదో చెప్పకుండా రుచి చూసి, ఎలా ఉందో మన మాటల్లోనే రాసుకుందాం. చెర్రీ పండు, చాక్లెట్ అని ఇంగ్లీషు వాళ్ల లిస్టు మనకెందుకు? ఉసిరి పులుపు, పనస తీపి, కొత్త తేనె వాసన అని రాస్తే ఎవరొద్దంటారు? ఆ కాగితం మీ అమ్మానాన్నలకు చదివి వినిపించండి. వచ్చే ఏడు ఆరబెట్టేటప్పుడు వాళ్లకది గుర్తుంటుంది, బేరం దగ్గర కూడా.

ఇది నచ్చని వాళ్లు కింద రాయండి, తిట్టినా పర్లేదు. నచ్చినవాళ్లు ఎవరు ఏ ఊరి సంచి తెస్తారో పేరు పెట్టండి. గ్లాసులు మేం చూసుకుంటాం. రోలు ఎవరి రూములో ఉందో మాత్రం ముందే చెప్పండి.