పెద్దమనుషుల పందెం

తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి సాయంత్రం అయిదింటి దాకా ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ ఉండాలి. 1896లో ఏథెన్స్‌లో జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లో ఇదీ ఒక సైకిలు పందెమే. నియో ఫాలిరోలో కట్టిన ఆ ట్రాక్ చుట్టుకొలత 333 మీటర్లు. బయల్దేరింది ఏడుగురు. ఒక్కొక్కరే దిగిపోగా ఆఖరుకు మిగిలింది ఇద్దరు. రోజుల తరబడి సైకిలు దిగకుండా అక్కడే స్నానం, అక్కడే భోజనం కానిచ్చే మనుషుల్ని మన ఊళ్ల కూడళ్లలో ఒకప్పుడు చూసినవాళ్లకు, ఆ పగలు ఎంత పొడుగ్గా గడిచి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే ఏథెన్స్‌లో హుషారు చేయడానికి మైకులో పాటలు లేవు.

గెలిచినవాడు ఆస్ట్రియాకు చెందిన అడాల్ఫ్ ష్మాల్. ఈయన అదే ఒలింపిక్స్‌లో కత్తిసాములో కూడా దిగాడు. రెండోవాడు ఫ్రెడరిక్ కీపింగ్, ఏథెన్స్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలో నౌకరు. తొమ్మిది వందలకు పైగా చుట్లు తిరిగి, 314 కిలోమీటర్లు దాటాక ఇద్దరి మధ్యా తేడా ఒకే ఒక్క చుట్టు.

నిజానికి కీపింగ్‌కు ట్రాక్ మీదికి రావడమే పెద్ద పందెమైంది. అప్పట్లో ఈ పోటీలు అమెచ్యూర్లకే. అంటే డబ్బు కోసం కాక సరదాకు ఆడేవాళ్లకే. వినడానికి మాట బాగానే ఉంది. కానీ ఇంగ్లండులో దాని లోపలి అర్థం వేరు. ఒళ్లు వంచి బతికేవాడు పెద్దమనిషి కాడు, పెద్దమనిషి కానివాడు అమెచ్యూరూ కాడు. పడవ పందేలవాళ్లైతే కూలీలనూ చేతిపనివాళ్లనూ రానివ్వమని నిబంధనల్లోనే రాసుకున్నారు. ఏథెన్స్‌లో కాపురమున్న ఇంగ్లీషు దొరలూ అదే పేచీ పెట్టారు. కీపింగ్, అతనితోపాటు అక్కడే కొలువు చేస్తున్న ఎడ్వర్డ్ బాటెల్ జీతగాళ్లు కనుక పోటీకి పనికిరారన్నారు. సైకిలు తొక్కినందుకు వాళ్లకెవరూ జీతమివ్వడం లేదన్న సంగతి దొరలకు తట్టలేదో, తట్టినా మనకెందుకులే అనుకున్నారో! మొత్తానికి ఆ పేచీ నెగ్గలేదు. మారథాన్ దాకా వెళ్లి తిరిగొచ్చే 87 కిలోమీటర్ల రోడ్డు పందెంలో బాటెల్ మూడోవాడుగా వచ్చాడు. గెలిచింది గ్రీకువాడే, అరిస్టిడిస్ కాన్‌స్టాంటినిడిస్. మారథాన్‌లో ఆగి కాగితం మీద సంతకం పెట్టాకే వెనక్కి తిరగాలన్నది అక్కడి షరతు.

పెద్దమనిషితనం మాటకొస్తే, అదే ట్రాక్ మీద కొద్దిరోజుల ముందు, ఏప్రిల్ 8న జరిగిన 100 కిలోమీటర్ల పందెం గురించి చెప్పుకోవాలి. మొత్తం 300 చుట్లు. తొమ్మిదిమంది బయల్దేరితే ఇక్కడా చివరిదాకా నిలిచింది ఇద్దరే. ఒకడు ఫ్రెంచి కుర్రాడు లియోన్ ఫ్లమెంగ్, ఇంకా పందొమ్మిదేళ్లు నిండలేదు. రెండోవాడు గ్రీకువాడు కొలెట్టిస్. మధ్యలో కొలెట్టిస్ సైకిలు మొరాయించింది. మరొకడైతే దొరికిందే సందని ఇంకో నాలుగు చుట్లు ఎక్కువ కొట్టేవాడు, తప్పుపట్టేవాళ్లూ ఉండేవారు కాదు. ఫ్లమెంగ్ ఆగిపోయాడు. అవతలివాడు మళ్లీ తొక్కడానికి సిద్ధమయ్యేదాకా కాచుకుని, అప్పుడు కదిలాడు. ఆఖర్లో తానూ ఒకసారి కిందపడ్డాడు. లేచి, గెలిచాడు.

ఆయన పేరున నమోదైన కాలం 3 గంటల 8 నిమిషాల 19 సెకన్లు. కొలెట్టిస్ కోసం నిలబడ్డ సమయం కూడా అందులోదే.