మొద్దు అనకముందే పరీక్షించాలి

పత్తి తీతలు మొదలైతే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి గ్రామాల్లో ప్రాథమిక పాఠశాలల హాజరు పలచబడుతుంది. ఆ వెంటనే మిరప కోతలు. కర్నూలు పడమటి మండలాల నుంచి కూలికి వచ్చే కుటుంబాల వెంట పిల్లలూ వస్తారు. మూడో తరగతికి వచ్చినా గుణింతం రాని పిల్లవాణ్ణి ‘మొద్దు’ అనడం సులువు. బోర్డు కనిపించడం లేదా, పాఠం వినిపించడం లేదా, అక్షరాలను పోల్చుకోవడంలోనే ఇబ్బంది ఉందా, లేక నెలల తరబడి చేలోనే ఉండిపోయాడా అన్నది తేల్చడమే కష్టం.

చట్టం చెప్పేదేమిటి?

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఎదురయ్యే ప్రత్యేక అభ్యసన వైకల్యం అందులో చేరింది. వైకల్యం 40 శాతం ఉన్నట్టు ధ్రువపడితే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. 2018 నాటి మార్గదర్శకాలు మూడో తరగతిలోగాని, ఎనిమిదో ఏటగాని, ఏది ముందైతే అప్పుడు ఉపాధ్యాయులే తొలి పరిశీలన జరపాలని చెప్పాయి. తర్వాత పిల్లల వైద్యుడు చూపు, వినికిడి పరీక్షించాలన్నాయి. అవి సవ్యంగా ఉంటేనే మానసిక నిపుణుని వంతు అని పేర్కొన్నాయి.

ఒక్క పూట చాలదు

కాలు, చేయి లోపాన్ని శిబిరంలో నిపుణులు చూడగానే గుర్తిస్తారు. చూపు, వినికిడి పరికరాలతో తేలతాయి. అభ్యసన వైకల్యం అలా తేలేది కాదు. ఒత్తుల దగ్గర తడబడుతున్నాడా, గుణింతం దగ్గరా అన్నది రోజూ చూసే మాస్టారికే తెలుస్తుంది. పైగా కోతల రోజుల్లో శిబిరం పెడితే కూలి మానుకుని బిడ్డను తీసుకురాగల తల్లులు ఎందరు?

ఇక్కడ పొరపాటు రెండు వైపులా జరగవచ్చు. బడి మానినందుకే వెనకబడిన పిల్లవాడికి లేని వైకల్యం అంటగట్టవచ్చు. నిజంగా సాయం కావలసినవాణ్ణి ‘కోతలకు పోయాడు, అందుకే రాలేదు’ అని వదిలేయవచ్చు. రెండోవాడి నష్టం పూడేది కాదు. ఏటా పై తరగతికి పోతాడు, చదువు మాత్రం అక్కడే ఆగిపోతుంది.

చేయవలసింది

బడులు తెరిచిన జూన్, జూలై నెలల్లోనే తొలి పరిశీలన ముగించాలి. పరీక్ష పత్రం పక్కన హాజరు పట్టీ కూడా ఉండాలి. కొన్ని నెలలు బోధించి మళ్లీ చూడాలి. వలస వెళ్లే పిల్లల వివరాలు వారితోపాటే చేరే బడికి అందాలి. మండలాల్లోని భవిత కేంద్రాల ఉపాధ్యాయులకు ఈ పని అప్పగించి, వారికి తగిన వ్యవధి ఇచ్చే విషయం జిల్లా విద్యాధికారులు పరిశీలించవలసి ఉంది.