వానపాటలో వైపర్ మొరాయిస్తే...

పాత సినిమాల్లో వాన లేని ప్రేమ ఉండదు, పొడుగాటి అమెరికన్ కారు లేని జమీందారు ఉండడు! హీరో క్రాఫు చూస్తాం, హీరోయిన్ తడిసిన చీర చూస్తాం. ముందద్దం మీద అటూ ఇటూ ఊగే వైపర్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. పాపం, అది ఎక్స్‌ట్రా నటుడి కింద లెక్క! కానీ హిచ్‌కాక్ 'సైకో' (1960) గుర్తు తెచ్చుకోండి. కాజేసిన డబ్బుతో జానెట్ లీ రాత్రివేళ జోరువానలో కారు నడుపుతుంటే మన గుండె దడ పెంచినవాటిలో ఆ వైపర్లూ ఉన్నాయి కదా?

అన్నట్టు, వైపర్ చరిత్రలో మన లోకపు మనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికాలో బఫెలో నగరంలో థియేటర్ మేనేజరు, పేరు జాన్ ఆయిషై. 1917లో వానలో కారు నడుపుతూ అద్దంలోంచి దారి కనపడక ఒక సైకిలిస్టుని గుద్దేశాడు. సైకిలిస్టుకి పెద్ద దెబ్బలు తగల్లేదు గానీ మేనేజరుగారి మనసుకి మాత్రం గట్టిగా తగిలింది. ఇక వైపర్ల కంపెనీయే పెట్టేశాడు. అదే తర్వాత 'ట్రైకో'గా పేరు మోసింది. అమెరికన్ కార్లలో దశాబ్దాల పాటు ఊగిన వాక్యూమ్ వైపర్లకు పెట్టింది పేరు ఆ కంపెనీ.

వాక్యూమ్ వైపర్ అంటే? దీనికి కరెంటు అక్కర్లేదు. ఇంజన్ నడిచేటప్పుడు గాలిని లోపలికి పీలుస్తుంది కదా, ఆ పీల్పే దీనికి బలం. ఒక రబ్బరు గొట్టం ఇంజన్ నుంచి వైపర్ మోటారుకి వెళుతుంది. మోటారు లోపల తలుపురెక్క లాంటిది ఒకటి ఉంటుంది. ఇంజన్ ఒకసారి ఇటు, ఒకసారి అటు పీలుస్తుంటే రెక్క ఊగుతుంది, దాంతోపాటు వైపరూ ఊగుతుంది. చవక, సులువు!

చిక్కు ఎక్కడంటే, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే పీల్పు ఎక్కువ, కాలు అదిమితే పీల్పు దాదాపు సున్నా. అంటే ఘాట్ ఎక్కుతున్నప్పుడు, లారీని దాటబోతున్నప్పుడు, సరిగ్గా దారి కనపడాల్సిన ఆ క్షణంలోనే వైపర్ నిద్రపోతుంది! ఇది దాని పుట్టుగుణం. కాలు ఒక్క క్షణం తీస్తే మళ్లీ లేస్తుంది. కానీ కారు నిలబడి ఇంజన్ మెల్లగా ఆడుతున్నప్పుడు కూడా వైపర్ నీరసంగా కదిలితే మాత్రం అది జబ్బే.

జబ్బు అనగానే కొందరు మోటారు విప్పేస్తారు. తొందరపడకండి! ముందు గొట్టం చూడండి. చిల్లుపడ్డ స్ట్రాతో కూల్‌డ్రింకు తాగగలరా? ఇదీ అంతే. గొట్టం ఎండి బీటలు వారితే 'సుయ్'మని గాలి చప్పుడు వినిపిస్తుంది. మందపాటి వాక్యూమ్ గొట్టమే కొత్తది వేయించాలి. పల్చటిదైతే పీల్పుకి నొక్కుకుపోతుంది. గేజి పెట్టి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఊరికే ఆడుతున్నప్పుడు మామూలుగా 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. ఇంజన్ దగ్గర ఆ అంకె ఉండి మోటారు దగ్గర లేకపోతే దొంగ దారిలోనే ఉన్నాడన్నమాట.

గొట్టం బాగుంటే మోటారుని కడ్డీల నుంచి విడదీసి నడిపించండి. ఒంటరిగా చలాకీగా ఆడితే తప్పు దానిది కాదు. కడ్డీల కీళ్లు బిగిసిపోయాయి, నాలుగు చుక్కల నూనె చాలు. అప్పటికీ ఈడుస్తుంటే ఇక మోటారు వంతు. లోపల ఎండిపోయిన గ్రీజు తుడవాలి. రెక్క చుట్టూ తోలు అంచు ఉంటే తోలుకి వాడే నూనెతో మెత్తబరచాలి. పెట్రోలు పోశారో, తోలు ఇంకా ఎండిపోతుంది సుమా!

కొన్ని కార్లలో పెట్రోలు పంపుకే ఇంకో వాక్యూమ్ పంపు జోడించి ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు వైపర్‌కి సాయంగా. దాని లోపలి పొర చిరిగితే వైపర్ ఆగడమే కాదు, ఇంజన్ ఆయిల్ కూడా పీల్చుకుని వెనక నీలంపొగ వస్తుంది. పొగ కనిపిస్తే ముందు పంపునే అనుమానించండి.

1970ల మొదటికల్లా అమెరికాలో కొత్త కార్లన్నిటికీ కరెంటు మోటార్లు వచ్చేశాయి. పాత కాలపు కథలు తీసేవాళ్లకి మాత్రం ఈ ముసలి కార్లే ఇప్పటికీ కావాలి. స్టూడియోలో ఇంజన్ ఆపి వానపాట తీస్తే ఈ వైపర్ తనంతట తాను కదలదు, వేరే పంపుతో పీల్పు ఇవ్వాల్సిందే. రోడ్డు మీద తీస్తే సంగతి వేరు. స్టీరింగు పట్టినవాడికి దారి కనపడాలి, దారిలో సైకిల్ మీద వెళ్లేవాడు కూడా కనపడాలి. 'స్టార్ట్, కెమెరా' అనే ముందు రెండు నిమిషాలు ఆ గొట్టం తడిమి చూస్తే పోయేదేముంది?